బోగీ అడుగున ఉన్న సీసం ఎవరి ఇంటికి చేరుతున్నది?

రైలుపెట్టెలో దీపం ఆరకుండా ఉండటానికి అడుగున ఉన్న బ్యాటరీయే కారణమని ప్రయాణికుడు ఎరుగడు. దానిని దించి, తుడిచి, ఆమ్లపు సాంద్రత చూచి, మరల ఎక్కించే మన సోదరులు ఎరుగుదురు. అందులోని పలకలు సీసంతోను, సీసపు ఆక్సైడుతోను చేసినవి. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లాంటే కనిపెట్టిన పద్ధతియే నేటికీ వాటికి మూలం. తపాలా కార్యాలయంలో కంప్యూటరుకు ఆసరాగా ఉంచే బ్యాటరీలోను సాధారణంగా ఉండేది ఆ సీసమే.

విషలోహాలను మార్చే యత్నం కొత్తది కాదు. పూర్వం సీసపు చట్రానికి గట్టిదనం కోసం ఆంటిమొని కలిపేవారు. ఛార్జింగు వేళ దాని నుండి కొద్దిగా విషవాయువు పుట్టేది. నీరు త్వరగా తరిగేది. దాని స్థానంలో కాల్షియం వచ్చింది, మూసివేసిన బ్యాటరీ వచ్చింది, స్వేదనజలం పోసే శ్రమ తప్పింది. మంచిదే. సీసం మాత్రం కదలలేదు. ఇక కాడ్మియం సంగతి: జపానులో గని నుండి జింజూ నదిలో కలిసి రైతుకుటుంబాల ఎముకలను గుల్లచేసినది ఆ లోహమే. 1968లో అక్కడి ప్రభుత్వమే దానిని అంగీకరించింది.

నేడు లిథియం–ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీలు లభిస్తున్నాయి. వాటిలో సీసం లేదు, కాడ్మియం లేదు, కాంగో గనులలో బాలల చేత తవ్విస్తున్న కోబాల్టూ లేదు. ఈ మార్పును మేము స్వాగతిస్తున్నాము.

అయితే దించివేసిన పాత బ్యాటరీ ఎక్కడికి పోతున్నది? సెనెగల్ దేశంలో డాకార్ నగర శివారు థియరాయ్‌లో పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లించి అమ్ముకొన్న పేదల వాడలో, 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పిల్లలు మరణించారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నదని 2020లో యూనిసెఫ్ నివేదిక తెలిపింది. పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను మన దేశంలో 2022 నిబంధనలు ఉత్పత్తిదారునిపై ఉంచాయి. నిబంధన ఢిల్లీలో ఉన్నది, కొలిమి పెరటిలో ఉన్నది. వేలంలో పలికిన ధర చూచి మురిసే అధికారులు, సరుకు చివరకు ఏ కొలిమికి చేరినదో కూడా లెక్క చూపాలి.

బ్యాటరీ విభాగంలో పనిచేసే ప్రతివారికి ఏటా రక్తంలో సీసం పరీక్ష జరిపించాలి. పనిబట్టలు ఇంటికి మోసుకుపోకుండా పనిచోటనే ఉతికించాలి. ఆ ధూళి బిడ్డల కంచం వరకు పోతుంది. కొత్త బ్యాటరీలపై మనవారికే శిక్షణ ఇవ్వాలి. ‘నిర్వహణ అక్కరలేనిది’ అన్న ముద్ర పోస్టుల ఎత్తివేతకు సాకు కారాదు. పరీక్షలో కాంట్రాక్టు కార్మికులను మినహాయిస్తే మేము అంగీకరించబోము. అనేకచోట్ల ఆ బరువు ఎత్తుతున్నది వారే.