మొదటి సూదిమందుకు ముందు

కొంతకాలం క్రితం దివిసీమ నుంచి ఒక రైతు కుటుంబం తమ పెద్దాయన ఆసుపత్రి కాగితాలు పట్టుకొని నా వద్దకు వచ్చింది. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, మధుమేహం ఉంది. జ్వరం వచ్చిన తొలిరోజునే ఊళ్ళో ఒక యాంటీబయాటిక్ సూదిమందు పడింది. మూడవ రోజున దగ్గరి పట్టణంలో మరొకటి, ఆరవ రోజున నగరంలోని ఆసుపత్రిలో ఇంకా ఖరీదైనది. అక్కడ ఐసీయూలో మెడ సిరలో ఒక గొట్టం, మూత్రానికి మరొకటి అమర్చారు. పదకొండవ రోజున మొదటిసారిగా బ్లడ్ కల్చర్ పంపారు. క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి పెరిగింది. నివేదికలో దాదాపు ప్రతి మందు ఎదుటా ‘లొంగదు’ అన్న మాటే. మిగిలింది కొలిస్టిన్; అది మూత్రపిండాలను దెబ్బతీయగల మందు. కుటుంబం నా వద్దకు వచ్చేనాటికి ఆయన లేరు.

“అసలు ఏ జ్వరంతో మొదలైందండీ?” అని కుమారుడు అడిగాడు. ఆ కాగితాలలో సమాధానం లేదు. మొదటి పది రోజులూ మందు మార్చారే గాని, రక్తాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

రక్తంలో సూక్ష్మజీవులు వ్యాపిస్తే కొద్ది గంటలలోనే రక్తపోటు పడిపోయి, అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతినవచ్చు. ఆసుపత్రిలో వాటికి దొరికే ద్వారాలు చాలావరకు మనం అమర్చినవే: సెలైన్ సూది, సిరలోని గొట్టం, మూత్రపు గొట్టం. భారత వైద్య పరిశోధనా మండలి వెలువరిస్తున్న నివేదికలు చూస్తే, పెద్ద ఆసుపత్రులలో దొరికే క్లెబ్సియెల్లాలో సుమారు సగం, ఎసినెటోబాక్టర్‌లో అత్యధిక భాగం మెరోపెనెమ్ వంటి శక్తిమంతమైన మందులకు సైతం లొంగడం లేదు. 2019లో మందులకు లొంగని సూక్ష్మజీవులే నేరుగా కారణమైన మరణాలు ప్రపంచంలో 12 లక్షల 70 వేలని లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఈ మొండితనం ఎలా పుడుతుందో గుడివాడ, బందరు ప్రాంతపు వరి రైతుకు నేను చెప్పనక్కరలేదు. సుడిదోమకు ఒకే మందు పదేపదే కొడితే బలహీనమైనది చస్తుంది, తట్టుకున్నది సంతానాన్ని పెంచుతుంది. దాన్ని తినే సాలీళ్ళు కూడా ఆ మందుకే బలవుతాయి. మన పేగులలోనూ ఇదే తంతు. అనవసరపు మందు మేలుచేసే సూక్ష్మజీవులను తుడిచిపెట్టి, మొండివాటికి చోటిస్తుంది. పైగా ఇవి తమ మొండితనపు జన్యువును పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి సైతం అందించగలవు. సుడిదోమకు ఆ విద్య లేదు.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని పరిశోధనశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అది తొలి టెట్రాసైక్లిన్ మందు. అటువంటి సంపదను ఒక్క మనిషి ఆయుష్కాలంలోనే ఇంతగా కరగదీసుకున్నాము.

నేనూ నిర్దోషిని కాను. ఓపీలో వందమంది నిలబడి ఉండగా, ఏ జ్వరమో తేల్చే తీరిక లేక, ‘ఎందుకైనా మంచిది’ అని సెఫ్ట్రయాక్సోన్ ఎన్ని చీటీలపై రాశానో లెక్క లేదు. ఆ రెండు మాటల మూల్యాన్ని నేడు ముక్కూమొహం తెలియని రోగి ఎవరో చెల్లిస్తున్నాడు.

చట్టాలు లేకపోలేదు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న హెచ్-1 షెడ్యూలు ప్రకారం సెఫ్ట్రయాక్సోన్, మెరోపెనెమ్ వంటివి వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మకం రిజిస్టరులో నమోదు కావాలి. ఆహారం కోసం పెంచే జీవులకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. చేపల, రొయ్యల చెరువుల నడుమ బతికే మనకు ఇది దూరపు విషయం కాదు. అయితే చట్టం కౌంటరు దగ్గర ఆగుతుంది. తప్పు మంచం పక్కనే మొదలవుతున్నది.

కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రక్తసంక్రమణ అనుమానంతో చేర్చుకున్న ప్రతి రోగికీ మొదటి యాంటీబయాటిక్ సూదికి ముందే రెండు వేర్వేరు చోట్ల నుంచి కల్చరుకు రక్తం తీయాలి. మందు పడ్డాక తీస్తే, సూక్ష్మజీవి ఉండి కూడా సీసాలో పెరగకపోవచ్చు. ఖర్చు ఎక్కువ, ఫలితం ఆలస్యం అని కొందరంటారు. మెరోపెనెమ్ ఒక్కరోజు ఖర్చుతో పోల్చి చూడండి. చాలా సందర్భాలలో రెండు రోజులలోపే సూచన అందుతుంది. అప్పుడు మందును తగ్గించవచ్చు, మార్చవచ్చు, ఆపనూవచ్చు.

2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. గుడివాడ, అవనిగడ్డల నుంచి బందరుకు దూరం గంటా గంటన్నర ప్రయాణం. ఆ సీసాలకు ఐసు అక్కరలేదు. ఫ్రిజ్‌లో పెట్టనే కూడదు. రోజూ రెండుసార్లు వాటిని కళాశాల ప్రయోగశాలకు చేర్చే మనిషి ఒకడుంటే చాలు. ఏ మందు ఇక్కడ పనిచేస్తున్నదో ఆరు నెలలకొకసారి మన డెల్టా వైద్యులందరికీ తెలియజేయవచ్చు. ఢిల్లీ లెక్కలతో దివిసీమ జ్వరానికి వైద్యం చేయవలసిన దుస్థితి తప్పుతుంది.

ఒక హెచ్చరిక: పరీక్ష కోసం మందు ఆలస్యం కాకూడదు. రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. రోగి స్పృహ తప్పుతున్నా, రక్తపోటు పడిపోతున్నా గంటలోపే మందు మొదలుకావాలి.

మీరు చేయగలిగినది కూడా ఉన్నది. జలుబుకు, మామూలు వైరల్ జ్వరానికి సూదిమందు అడగకండి. ఇంతకుముందు వాడిన మందుల చీటీలు పారవేయకండి. మీవారిని ఆసుపత్రిలో చేర్చినపుడు వినయంగానే మూడు ప్రశ్నలు అడగండి: “కల్చరుకు రక్తం తీశారా అండీ? ఈ గొట్టం ఇంకా అవసరమా? ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకున్నారా?” మంచి వైద్యునికి కోపం రాదు. నన్ను ఆ రోజుల్లో ఎవరైనా ఇలా అడిగి ఉంటే, కొన్ని చీటీలు వేరుగా రాసి ఉండేవాణ్ణి.