ఆ సందేహం అంపైరుదే

2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ రెండు వారాల తేడాలో రెండు మాటలన్నాడు. రెండూ మన దేశంలోనే అన్నాడు, మొదటిది విశాఖపట్నంలో. నాలుగో రోజు, 399 పరుగుల లక్ష్యం, జాక్ క్రాలీ 73 మీద నిలబడి ఉన్నాడు. కుల్దీప్ యాదవ్ బంతి ప్యాడ్‌కి తగిలింది. మైదానంలో అంపైరు నాటౌట్ అన్నాడు. రివ్యూ అడిగితే బంతి లెగ్ స్టంప్‌కి తగులుతుందని తెర చూపించింది, క్రాలీ ఔట్. 106 పరుగుల తేడాతో ఓడిపోయాక స్టోక్స్, ఈసారి టెక్నాలజీ తప్పు చెప్పిందన్నాడు.

తర్వాతి టెస్టు రాజ్‌కోట్‌లో. మళ్ళీ క్రాలీనే, ఈసారి బుమ్రా బంతి. అంపైరు ఔటిచ్చాడు. రివ్యూలో బొమ్మ చూస్తే బంతి స్టంప్స్‌ని తాకకుండా పోతోంది, పక్కనేమో 'అంపైర్స్ కాల్' అని పడింది. మ్యాచ్ రిఫరీ దగ్గరికెళ్ళి ఇదేమిటని అడిగితే, లెక్కల ప్రకారం బంతి తగులుతోంది, తెరమీద వేసిన బొమ్మే తప్పు అని జవాబొచ్చింది. దీన్నుంచి స్టోక్స్ తేల్చిందేమిటయ్యా అంటే, అంపైర్స్ కాల్ తీసిపారేయాలని! అంటే మొదట యంత్రం తప్పన్నాడు, రెండోసారి యంత్రం గీసిన బొమ్మ తప్పని యంత్రం తరఫువాళ్ళే ఒప్పుకున్నారు, కాబట్టి ఇకమీదట మొత్తం నిర్ణయం యంత్రానికే వదిలేద్దామన్నాడు.

ఓడిపోయినవాడి కోపం అనుకుని వదిలేయొచ్చు. కానీ ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. బంతిలో ఎంత భాగం తగిలినా సరే, తగిలితే ఔటివ్వాల్సిందేనని 2020లో సచిన్ టెండూల్కర్ కూడా అన్నాడు. మా ఆలూర్‌లో, పక్కన ఆర్మూర్‌లో, ఐపీఎల్ నడిచే రోజుల్లో ఏ టీవీ ముందు నిలబడ్డా వినపడేది ఇదే: "తాకుతున్నది గద, మల్ల నాటౌటెట్లయితది?" ఈ ప్రశ్నలో 'తాకుతున్నది' అన్న మాట దగ్గరే నా తగాదా అంతా.

ఆ బంతి దేన్నీ తాకలేదు. ప్యాడ్‌కి తగిలి ఆగిపోయింది. ఎల్బీడబ్ల్యూ అన్నది జరిగినదాని గురించిన నిబంధన కాదు, కాలు అడ్డం రాకపోయి ఉంటే ఏమయ్యేదన్నదాని గురించిన నిబంధన. బంతి ఎక్కడ పడింది, కాలికి ఏ వరసలో తగిలింది, ముందు బ్యాట్‌కి తగిలిందా, ఇవన్నీ జరిగిన సంగతులు. చివరి ప్రశ్న మాత్రం జరగని సంగతి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చెయ్యి విడిచి బ్యాటర్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో పైవన్నీ చూసి, ఆపైన జరగనిదాన్ని ఊహించి, నలభైవేలమంది అరుస్తుండగా వేలెత్తాలా వద్దా తేల్చుకోవాలి. పెద్ద మ్యాచుల్లో బౌలర్ కాలి నోబాల్ సంగతి కొన్నేళ్ళుగా టీవీ అంపైర్ చూసుకుంటున్నాడు. ఊళ్ళో మ్యాచ్‌కి నిలబడ్డవాడికి ఆ సాయమూ లేదు. ముందు కాలు చూసి, వెంటనే తలెత్తి బంతి వెతుక్కోవాలి.

యంత్రం చేసేది కూడా ఊహే. చాలా మంచి ఊహ, అందులో సందేహం లేదు. మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు బంతి ఎక్కడెక్కడుందో పట్టుకుంటాయి, ఆ చుక్కల గుండా ఒక వంపు గీస్తారు, ఆ వంపును ప్యాడ్‌ దాటించి ముందుకు పొడిగిస్తారు. బంతి పడ్డచోటికీ ప్యాడ్‌కీ మధ్య దూరం తక్కువైతే చుక్కలు తక్కువ పడతాయి, పొడిగింపు మీద అంత నమ్మకం ఉండదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పగలను: లోపల ఉన్నది ఒక అంకె, దానికో అటూఇటూ. బయటికి చూపించేది ఎర్ర రంగు. అంకెకీ రంగుకీ మధ్య ఎక్కడో ఒక మనిషి కూర్చుని 'ఇంతకు మించితే ఎరుపు' అని ఒక గీత రాసి ఉంటాడు. చూసేవాళ్ళకి ఎరుపే కనిపిస్తుంది, గీత కనిపించదు.

క్రికెట్‌లో ఆ గీత రాసినవాళ్ళు నిజాయితీగా రాశారు. బంతి అడ్డకొలత 7 సెంటీమీటర్ల పైచిలుకు. దాని నడిమధ్య స్టంప్స్ హద్దులో పడుతుంటే యంత్రం మాట చెల్లుతుంది, అంపైరు మాట కొట్టేస్తారు. నడిమధ్య బయటుండి అంచు మాత్రమే రాసుకుంటుంటే, 'మాకు అంత గట్టిగా తెలీదు, అక్కడ నిలబడి చూసినాయన ఏమన్నాడో అదే' అంటారు. అంపైర్స్ కాల్ అంటే ఇంతే. టీవీ చర్చల్లో దీన్ని అంపైర్ల పరువు కాపాడటానికి పెట్టిన ముసుగులా మాట్లాడతారు. నాకైతే ఆ తెర మొత్తంలో నిజం చెప్పే ముక్క ఇదొక్కటే అనిపిస్తుంది.

ఆ హద్దు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2016లో పక్కలకి జరిపారు. అంతకుముందు ఆఫ్, లెగ్ స్టంప్‌ల మధ్యభాగం దాకా ఉండేది, అప్పట్నుంచి బయటి అంచుదాకా అయింది. 2021లో పైకి జరిపారు. ఒకేలాంటి బంతి, ఒకేలాంటి కాలు, 2015లో నాటౌట్‌గా మిగిలిపోయేది 2022లో ఔట్ కావచ్చు. బంతి మారలేదు, స్టంప్స్ మారలేదు. మరి 'అసలు నిజం' ఎప్పుడు మారినట్టు?

క్రికెట్ కాసేపు పక్కన పెడతాను. అంపైరు పని ఎంత కష్టమో చూడాలంటే క్రికెట్ సరైన చోటు కాదు, ఎల్బీ అప్పీళ్ళు రోజుకి ఓ పదిపదిహేను వస్తాయేమో. బేస్‌బాల్‌లో ఒక మ్యాచ్‌కి పిచర్లు విసిరేవి దాదాపు 300 బంతులు. అందులో సగం దాకా బ్యాటర్ బ్యాటు తిప్పకుండా వదిలేస్తాడు. వదిలిన ప్రతి బంతికీ క్యాచర్ వెనక వంగి నిలబడ్డ అంపైరు 'స్ట్రైక్' లేదా 'బాల్' అని చెప్పితీరాలి. 60 అడుగుల 6 అంగుళాల దూరం, 17 అంగుళాల వెడల్పు ప్లేటు, గాలిలో కనిపించని ఒక పెట్టె. ఆ పెట్టె పైఅంచూ కిందంచూ బ్యాటర్ ఒంటిని బట్టి మారిపోతాయి.

ఇది అమెరికా గొడవ, మనకెందుకంటారేమో. మా ఆర్మూర్ వైపు బడుల్లో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అదీ ఈ కుటుంబంలోదే. స్ట్రైక్ జోన్ అందులో చంకల దగ్గర్నుంచి మోకాళ్ళ పైదాకా. ఒక అమ్మాయి నాలుగడుగులుంటుంది, తర్వాత వచ్చే అమ్మాయి ఐదున్నర. ప్రతి మనిషికీ పెట్టె కొత్తగా కట్టుకోవాలి, అదీ మనసులోనే. ఎండలో అలా నిలబడేది ఏదో ఒక బడి పీఈటీ సారు. కెమెరా లేదు, రివ్యూ లేదు, చాలాసార్లు సరైన మాస్కూ ఉండదు.

అమెరికా పెద్ద లీగ్ 2026 నుంచి ఈ విషయంలో కెమెరాల్ని తెచ్చింది. అంపైరే చెబుతాడు, ఒక్కో జట్టుకి రెండు సవాళ్ళు ఉంటాయి, నెగ్గితే సవాలు మిగులుతుంది. పిచర్, క్యాచర్, బ్యాటర్ తప్ప ఇంకెవరూ సవాలు చేయకూడదు. దీనికి నేను వ్యతిరేకం కాదు. అక్కడ బంతి నిజంగానే ప్లేటు దాటి వెళ్ళింది, కెమెరా కొలిచేది జరిగినదాన్నే. ఎల్బీలాగా జరగనిదాన్ని పొడిగించక్కర్లేదు. అయినా అక్కడా ఏం చేశారో చూడండి. రూల్ పుస్తకంలో పెట్టె పైఅంచు భుజాలకీ ప్యాంటు పట్టీకీ నడుమ, కిందంచు మోకాలి చిప్ప కింద. యంత్రానికి భుజమూ ప్యాంటూ కొలవడం కుదరని పని. కాబట్టి పైఅంచు మనిషి ఎత్తులో 53.5 శాతం, కిందంచు 27 శాతం అని కొత్తగా రాసుకున్నారు. పుస్తకంలో పెట్టెకి లోతు ఉంది, ప్లేటు మీద ఎక్కడ తగిలినా స్ట్రైకే. యంత్రానికి ప్లేటు మధ్యలో నిలబెట్టిన ఒక పలక చాలు. ఆటలో ఉన్న నియమాన్ని యంత్రం కొలవలేకపోతే, యంత్రం కొలవగలిగే నియమాన్ని ఆటలోకి తెచ్చారు. ఇక అంపైరు ఎంత 'కరెక్టు'గా చెబుతున్నాడో ఆ కొత్త నియమంతో పోల్చి మార్కులేస్తారు!

అంపైర్లు తప్పులు చేయరని నేను అనడం లేదు. చేస్తారు, ఒక పద్ధతి ప్రకారం చేస్తారు. డేనియల్ చెన్, టోబియాస్ మాస్కోవిట్జ్, కెల్లీ షూ 2016లో అచ్చయిన పరిశోధనలో ముగ్గురు రకాల మనుషుల్ని చూశారు: అమెరికాలో శరణార్థుల కేసులు వినే జడ్జీలు, మన దేశంలో అప్పులు మంజూరు చేసే బ్యాంకు ఉద్యోగులు, బేస్‌బాల్ అంపైర్లు. ముగ్గురిదీ ఒకే జబ్బు. ఇప్పుడే 'సరే' అన్నవాడు వెంటనే ఇంకో 'సరే' అనడానికి కొంచెం జంకుతాడు. ఇప్పుడే స్ట్రైక్ చెప్పిన అంపైరుకి తర్వాతి అంచు బంతి బాల్‌లాగా కనిపిస్తుంది. ఇంకో పరిశోధనలో, 2014లో, ఈటన్ గ్రీన్, డేవిడ్ డేనియల్స్ ఇద్దరూ చూపించిందేమంటే, బ్యాటర్ ఇంకో స్ట్రైక్‌తో ఔటైపోతాడనగా పెట్టె కుంచించుకుపోతుంది, ఇంకో బాల్‌తో ఊరికే బేస్‌కి వెళ్ళిపోతాడనగా పెట్టె పెద్దదవుతుంది. అంటే ఆటని తానే తేల్చేయడానికి అంపైరు వెనకాడతాడు. ఇది తప్పే. అయితే ఏ పక్షానికీ అమ్ముడుపోని తప్పు. అంపైరు మీద అరిచేవాళ్ళు ఈ తేడాని ఎప్పుడూ చూడరు.

ఆ తేడా మా ఊళ్ళో వేరేగా తెలుస్తుంది. మాది పసుపు పండే నేల. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ చేసి నిజామాబాద్ యార్డుకి తీసుకుపోతారు. అక్కడ కుప్ప ముందు ఖరీదుదారు నిలబడి ఒక కాడి తీసి విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, విరిగిన చప్పుడు వింటాడు, తేమ ఎంతుందో చేత్తోనే చెప్పేస్తాడు. ధర ఈ-నామ్ అని కంప్యూటర్లోకే పోవచ్చు, కానీ అంతకుముందు ఆ కాడి విరిచిన చెయ్యి ఆయనదే. ఆయన కన్ను తక్కువదేం కాదు, ఏళ్ళ తరబడి చూసిన కన్ను. అయినా రైతు ఆ కన్నుని నమ్మడు, మీటరు పెట్టమంటాడు. రైతుదే న్యాయం. ఎందుకంటే ఆ కన్ను ఉన్నవాడు కొనేవాడు. పసుపు బాగుందని ఒప్పుకుంటే ఆయన జేబులోంచి డబ్బు పోతుంది.

మరి మార్కెట్లో మీటరు కావాలనేవాణ్ణి మైదానంలో అంపైరు కన్నుని ఎందుకు వెనకేసుకొస్తున్నానంటే, కారణం ఇదే. ఖరీదుదారు ఆటగాడు, అంపైరు ఆటగాడు కాడు. మనిషి కన్నా యంత్రమా అన్న తగువుకి ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ కన్ను ఎవరిది అని.

మన గల్లీ క్రికెట్‌కి ఇది ఎప్పుడో తెలుసు. గల్లీలో ఎల్బీ ఉండదు. ఎందుకుండదు? అక్కడ అంపైరుగా నిలబడేది బ్యాటింగ్ జట్టువాడే కాబట్టి. బౌల్డ్, క్యాచ్ కంటికి కనిపిస్తాయి, దబాయించడం కష్టం. ఎల్బీ నమ్మకం మీద నడిచేది, కాబట్టి దాన్నే తీసేశారు. ఏ ఐసీసీ కమిటీ చెప్పిందని ఈ సవరణ చేశారు ఆ పిల్లలు?

అంతర్జాతీయ క్రికెట్‌కి ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది. దశాబ్దాల తరబడి ఆతిథ్య దేశపు అంపైర్లే నిలబడేవారు. 1986 నవంబరులో, లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ ఆడిన టెస్టుకి ఇద్దరు భారతీయులు నిలబడ్డారు. ఒకరు పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి. ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి అడిగింది ఎక్కువ తెలివైన అంపైర్లని కాదు, తన దేశం వాళ్ళు కాని అంపైర్లని. తన జట్టు గెలిస్తే అంపైర్ల దయ అని ఎవరూ అనకూడదని. 1994 నుంచి ప్రతి టెస్టుకీ ఒక తటస్థ అంపైరు, 2002 నుంచి ఇద్దరూ. అంపైరింగ్ బాగుపడటం గురించి రాసేవాళ్ళు హాక్-ఐ గురించి పేజీలకి పేజీలు రాస్తారు. లాహోర్‌కి ఒక వాక్యం దక్కితే గొప్ప.

ఇక మన అభిమానుల సంగతి. 2008 సిడ్నీలో సైమండ్స్ బ్యాట్‌కి తగిలిన బంతికి స్టీవ్ బక్నర్ నాటౌటిచ్చాడు. 30 మీద పోవాల్సినవాడు 162తో మిగిలాడు. దేశమంతా బక్నర్‌ని తిట్టింది, తర్వాతి టెస్టు నుంచి ఆయన్ని తప్పించారు. అదే ఏడాది రివ్యూ పద్ధతి వస్తే, ఒక సిరీస్ చూసి మన బోర్డే వద్దంది. సొంతగడ్డ మీద టెస్టు సిరీస్‌కి ఒప్పుకునేసరికి 2016 నవంబరు అయింది. అంపైరు తప్పు చేస్తే తిట్టినవాళ్ళం, ఆ తప్పు దిద్దే పద్ధతిని ఎనిమిదేళ్ళు నిలబెట్టాం. మనకి కావాల్సింది ఖచ్చితత్వమే అయితే ఇలా ఉండేదా?

టీవీలో నేర్చుకున్న ఆ తిట్లు ఇప్పుడు బడి మైదానాలకి వచ్చాయి. ఆర్మూర్ వైపు ఒక పోటీలో చూశాను. గట్టు మీద నిలబడ్డ పెద్దమనిషి ఫోన్‌లో తీసిన వీడియోని ఆపి, పెద్దది చేసి పీఈటీ సారు మొహం ముందు పెట్టాడు. "కండ్లు కనిపిస్తలేవా సార్, స్ట్రైకెట్లయితది?" ఆ వీడియో మూడో బేస్ పక్కనుంచి తీసింది. ప్లేటు మీదుగా పోయిందా లేదా అన్నది అక్కణ్ణుంచి దేవుడికి కూడా కనిపించదు. సారు ఏమీ అనలేదు. ఆడుతున్న రెండు జట్లలో ఒకటి ఆయన బడిదే కాబట్టి అనడానికి ఆయన దగ్గర ఏమీ లేదు కూడా.

అక్కడ కావాల్సింది కెమెరా కాదు. మండలం పోటీలైనా, జిల్లా పోటీలైనా, ఆడే రెండు బళ్ళవాళ్ళు ప్లేటు వెనక నిలబడకూడదని ఒక నియమం రాసి, దాన్ని పాటించాలి. మూడో బడి నుంచి ఒక సారునో మేడమ్‌నో పిలిపించి, సరైన మాస్కు ఇవ్వాలి. దానికయ్యేది రానుపోను బస్సు చార్జీ, ఒక పూట భోజనం.