ఆపేదెవరు?

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఐబీఎం అనుభవంతో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ద మిథికల్ మ్యాన్-మంత్’లో తేల్చారు. మళ్లీ చదువుతుంటే నన్ను వేధించిన ప్రశ్న వేరు: అసలు ఆపేదెవరు?

ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ 2002లో తలపెట్టిన జాతీయ కంప్యూటరీకరణ పథకాన్ని విరమిస్తున్నామని ప్రభుత్వం 2011లో గాని ప్రకటించలేదు. అప్పటికే వందల కోట్ల పౌండ్లు కరిగిపోయాయి. ఇంత పెట్టాం, ఇంకొంచెం పెడదామనడం పేకాటరాయుళ్లకే కాదు, కంపెనీ బోర్డులకూ అలవాటే.

పెద్ద మందుల పరీక్షల్లో ఎప్పుడు ఆపాలో ముందే రాసుకుంటాం. మధ్యలో లెక్కలు చూసి సలహా ఇచ్చేది స్వతంత్ర సంఘం, పరీక్ష నడిపేవారు కాదు. కంపెనీలూ ఆ కాగితాన్ని తొలి ఖర్చుకు ముందే రాసి, ప్రాజెక్టుతో పేరు ముడిపడనివారి చేతిలో పెట్టాలి. నేను రాసిన మందు పనిచేయడం లేదని ఒప్పుకోవడానికి నాకే వారం పడుతుంది.