ఆరు చక్రాల అందగాడు

'రష్' సినిమా చూశారా? 2013లో రాన్ హోవర్డ్ తీసిన ఇంగ్లీషు సినిమా. జేమ్స్ హంట్‌గా క్రిస్ హెమ్స్‌వర్త్, నికీ లాడాగా డానియెల్ బ్రూల్ పోటీపడి నటించారు. 1976 గ్రాండ్ ప్రి సీజన్లో ఆ ఇద్దరు రేసు వీరుల మధ్య నడిచిన పోరే కథ. అందులో ఎర్రకార్లు, తెల్లకార్లు రయ్యిమని దూసుకుపోతుంటే మధ్యలో ఓ నీలంరంగు కారు కూడా తళుక్కుమంటుంది. ముందు నాలుగు చక్రాలు, వెనక రెండు. మొత్తం ఆరు!

నేను ఆ సినిమా చూసినప్పుడు నా పక్కసీట్లో ఓ కుర్రాడు కూర్చున్నాడు. ఆ కారు కనిపించగానే ఫ్రెండు భుజం మీద చరిచి, "గ్రాఫిక్స్ గురూ! నిజంగా అలాంటి కారుంటుందా?" అన్నాడు. నాకు నోరాగలేదు. "ఉందయ్యా, ఉంది! రేసు కూడా గెలిచింది!" అన్నాను. వాళ్ళిద్దరూ నన్నో చూపు చూసి మళ్ళీ తెరవైపు తిరిగారు. ఆ చూపు నాకింకా గుర్తే. అందుకే ఈ వారం మన కబుర్లన్నీ ఆ కారు మీదే. ఆ కుర్రాడు ఈ పేజీ చదువుతున్నాడేమో, ఎవరికి తెలుసు!

అసలు ఆ కారుతో నా పరిచయం సినిమాకంటే చాలా ముందుది. నా చిన్నప్పుడు విశాఖపట్నంలో ఓడల్లో పనిచేసే మా బంధువొకాయన నా గుప్పెట్లో పట్టేంత ఇనప బొమ్మకారు తెచ్చిచ్చాడు. నీలంరంగు, ముక్కు వెడల్పు. మా వీధిలో దానిమీద పెద్ద తగవే జరిగింది. "ఆరు చక్రాలుంటే లారీరా, కారు కాదు. ఇది లారీ పిల్ల!" అని తేల్చేశాడు నా స్నేహితుడు. లారీకి జంట చక్రాలు వెనకుంటాయి గదా, దీనికి ముందున్నాయేమిటని నేను. బొమ్మ చేసినవాడు తిరగేసి బిగించుంటాడని వాడు! ఇద్దరికీ తెలియని సంగతేమిటంటే, ఈ తగవు అప్పటికే లండన్లో పెద్దపెద్ద వాళ్ళు కూడా పడి ఉన్నారు.

ఆ కారు పేరు టిరెల్ పి34. పి అంటే ప్రాజెక్టు. సొంతదారు కెన్ టిరెల్. ఈయన ఇంగ్లండులో సర్రే జిల్లా ఓక్‌హామ్‌లో కలప అడితీ వ్యాపారి. మీరు చదివింది కరెక్టే, కలప అడితీ! ఆ అడితీలోనే ఓ చెక్కషెడ్డు. గ్రాండ్ ప్రి కార్లు తయారయ్యేది ఆ షెడ్డులోనే. ఈయన టీములోనే జాకీ స్టువార్ట్ 1969, 1971, 1973ల్లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అన్నట్టు, ఆ స్టువార్ట్ 1971లో మొనాకో రేసుకు వెళ్ళినప్పుడు వెంటబడి తీసిన డాక్యుమెంటరీ ఒకటుంది, 'వీకెండ్ ఆఫ్ ఎ చాంపియన్' అని. నిర్మాత రోమన్ పొలాన్‌స్కీ. సినిమా వాళ్ళకూ రేసువాళ్ళకూ ఆ రోజుల్లో అంత చుట్టరికం!

1973 అక్టోబరులో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో ప్రాక్టీసు చేస్తూ ఇదే టీములోని ఫ్రెంచి కుర్రాడు ఫ్రాన్సువా సెవెర్ చనిపోయాడు. స్టువార్ట్‌కు అది నూరవ రేసు కావలసింది. దిగలేదు. ఇక మళ్ళీ ఎప్పుడూ గ్రాండ్ ప్రి రేసులో పోటీ చేయలేదు. ఒక్క దెబ్బకు టిరెల్‌గారికి ఇద్దరు హీరోలూ లేకుండా పోయారు. 1974లో ఇద్దరు కొత్తవాళ్ళను తెచ్చుకున్నాడు. దక్షిణాఫ్రికా నుంచి జోడీ షెక్టర్, ఫ్రాన్సు నుంచి పాట్రిక్ దెపాయే. వాళ్ళు గట్టివాళ్ళే గానీ, కారు మాత్రం అందరి కార్లలాంటిదే. అప్పట్లో చాలా టీములు కొనేది ఒకే ఇంజను, ఫోర్డ్ కాస్వర్త్ వి8. గేరుబాక్సులూ దాదాపు ఒకటే. టైర్లు గుడ్‌ఇయర్‌వే. అందరి దగ్గరా అవే సరుకులున్నప్పుడు నీ వంట మాత్రం రుచిగా ఎందుకుంటుంది?

ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నవాడే డెరెక్ గార్డ్‌నర్. టిరెల్ టీము డిజైనరు. మన భాషలో చెప్పాలంటే ఈ సినిమాకు కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అన్నీ ఆయనే. 1970లో టిరెల్‌కు మొట్టమొదటి కారు గీసిచ్చింది కూడా ఈయనే, అదీ తన ఇంట్లో కూర్చుని, రహస్యంగా.

ఆయన లెక్క ఇదీ. రేసు కారుకు ముందు టైర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు టైర్లూ ఎదురుగాలిని తోసుకుంటూ పోవాలి. పైగా తిరిగే టైరు కారు ముక్కును పైకి లేపాలని చూస్తుంది. నిబంధనల ప్రకారం ముక్కు వెడల్పు మీటరున్నర మించకూడదు. మరి టైర్లనే చిన్నవి చేసి ఆ ముక్కు వెనకాల దాచేస్తే? దాచొచ్చు. కానీ చిన్న టైరు నేలను పట్టుకునే జాగా కూడా చిన్నదే. మలుపులో జారిపోతుంది. అయితే రెండు కాదు, నాలుగు పెట్టు! మామూలు కార్లకు ముందుచక్రం రిమ్ము 13 అంగుళాలైతే దీనికి 10 అంగుళాలు. నాలుగు చక్రాలు నేలను పట్టుకుంటాయి, నాలుగూ స్టీరింగుతో తిరుగుతాయి, నాలుగింటికీ బ్రేకులుంటాయి. మలుపు దగ్గరికి మిగతావాళ్ళకంటే ఆలస్యంగా వచ్చి బ్రేకు నొక్కొచ్చు. వినడానికి విఠలాచార్యగారి సినిమాలా ఉంది గానీ లెక్క మాత్రం లెక్కే.

గుడ్‌ఇయర్ వాళ్ళు ఆ ఒక్క కారుకోసం ప్రత్యేకంగా చిన్న టైర్లు చేసివ్వడానికి ఒప్పుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సెకండ్ హాఫ్‌లో దీంతో పనుంది.

1975 సెప్టెంబరులో లండన్ హీత్రో దగ్గర ఓ హోటల్‌కు పత్రికలవాళ్ళను పిలిచాడు టిరెల్. కారు మీద ముసుగు. ముందు చక్రాలు మామూలువే అనిపించేలా ఆ ముసుగు కింద వంపు తీగలు అమర్చారు. ముసుగు లాగారు... ఒక్క క్షణం ఎవరికీ మాట రాలేదట! తర్వాత గుసగుసలు. పబ్లిసిటీ స్టంటు అనుకున్నవాళ్ళు కొందరు. ఇది రేసులోకి ఎక్కడ వస్తుందని పెదవి విరిచినవాళ్ళు ఇంకొందరు. థియేటర్లో నా పక్క కుర్రాడిలాగే!

వచ్చింది. 1976 మే 2న స్పెయిన్‌లోని హరామా ట్రాక్ మీద దెపాయే ఆరు చక్రాల కారెక్కాడు. షెక్టర్‌ది ఆ రోజుకి పాత కారే. దెపాయే క్వాలిఫయింగ్‌లో మూడోస్థానం సంపాదించి నవ్విన నోళ్ళు మూయించాడు. రేసులో మాత్రం బ్రేకులు మొరాయించి కారు ట్రాక్ బయటికి పోయింది. ఆ తర్వాత బెల్జియంలో షెక్టర్‌కు నాలుగోస్థానం. మొనాకో సందుగొందుల్లో షెక్టర్ రెండు, దెపాయే మూడు!

ఇక జూన్ 13. స్వీడన్, ఆండర్‌స్టార్ప్. ఇదే మన కథకు ఇంటర్వెల్ బ్యాంగ్. పోల్ పొజిషన్ షెక్టర్‌ది. అయినా స్టార్టింగ్‌లో లోటస్ కారులో మారియో ఆండ్రెట్టి ముందుకు దూకేశాడు. జెండా ఊపకముందే కదిలాడని ఒక నిమిషం జరిమానా వేశారు అధికారులు. దాన్ని పూడ్చుకోవాలని పరిగెత్తించాడో ఏమో, చివరికి ఇంజను పొగలు కక్కింది. షెక్టర్ మొదట, దెపాయే రెండు. ఫెరారీలో లాడా మూడు. ఆరు చక్రాల కారు ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు గెలవడం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

ఇక్కడ మీకో తమాషా చెప్పాలి. ఆ కారులో గెలిచిన షెక్టర్‌కు ఆ కారంటే గిట్టదు! ఎన్నేళ్ళ తర్వాత అడిగినా విసుక్కుంటూనే మాట్లాడాడు. దెపాయేకు మాత్రం అదంటే ప్రాణం. ముందు టైర్లు ఎక్కడున్నాయో డ్రైవరుకు కనిపించక, కాక్‌పిట్ పక్కల అద్దపు కిటికీలు పెట్టారు. ఆ కిటికీలోంచి చిన్న చక్రాలు గిర్రున తిరుగుతుంటే చూసుకుంటూ నడిపాడు దెపాయే. ఫ్రాన్సులో రెండోస్థానం. కెనడాలో రెండు, అదీ పెట్రోలు కాక్‌పిట్లోకి చిమ్మి, ఆ వాసనకు తల తిరిగిపోతున్నా స్టీరింగు వదలకుండా! జపాన్లో వానలో మళ్ళీ రెండు. ప్రేమించినవాడికి రెండోస్థానాలు, విసుక్కున్నవాడికి గెలుపు. ఏ రచయితైనా ఇలా రాసుకొస్తే మన నిర్మాతలు క్లైమాక్స్ మార్చమంటారు.

ఆ ఏడాది పాయింట్లలో హంట్ 69, లాడా 68. ఆ ఒక్క పాయింటు కథే 'రష్'. తర్వాతి రెండు స్థానాలూ ఆరు చక్రాలవాళ్ళవే. షెక్టర్‌కు 49, దెపాయేకు 39. టీముల్లో టిరెల్‌ది మూడోస్థానం. ఆ సినిమాలో వీళ్ళకు ఇంకాస్త ఫుటేజీ ఇచ్చుంటే ఏం పోయిందని నా కంప్లయింటు.

ఇక సెకండ్ హాఫ్. షెక్టర్ వోల్ఫ్ టీముకు వెళ్ళిపోయాడు. అతని చోట్లో స్వీడన్ వీరుడు రోనీ పీటర్సన్ వచ్చాడు. మామూలు డ్రైవరా? ఆ కాలంలో అతనికంటే వేగంగా నడిపేవాడు లేడనేవాళ్ళు. అందరూ 1977 టిరెల్‌దే అనుకున్నారు. ఇక్కడే తిరగబడింది.

గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, టైర్ల సంగతి! గుడ్‌ఇయర్ వాళ్ళు పెద్ద టైర్లను రోజురోజుకీ మెరుగు చేస్తూ పోయారు. అవి అన్ని టీములూ కొంటాయి గదా. పది అంగుళాల బుల్లి టైరు వాడేది ఒకే ఒక టీము. దానిమీద డబ్బూ టైమూ ఎవరు పెడతారు? వెనక టైర్లు కొత్త తరంవి, ముందు టైర్లు పాత తరంవి అయ్యాయి. వెనకవి నేలను కరుచుకుంటుంటే ముందువి జారిపోతున్నాయి. హీరోయిన్ పరిగెత్తే పాటకు హీరో నడుస్తున్నట్టుంది వ్యవహారం. ఆ జారుడు ఆపడానికి గార్డ్‌నర్ ముందు చక్రాలను ఇంకాస్త వెడల్పుగా జరిపాడు. అప్పుడవి ముక్కు వెనకనుంచి బయటికొచ్చి గాలికి ఎదురయ్యాయి. ఏ గాలిని తప్పించడానికి ఈ తంతంతా మొదలుపెట్టాడో ఆ గాలికే! పైగా కారు బరువు కూడా పెరిగింది.

అసలు మొదటినుంచీ ఓ లొసుగుంది. వెనక టైర్లు ఎప్పటిలాగే భారీగా ఉన్నాయి. ముందు ఎంత దాచినా గాలి పోయిపోయి వాటికి కొట్టుకోక తప్పదు. అందుకే సూటి రోడ్డు మీద అనుకున్నంత లాభం రాలేదు. బ్రేకుల్లోనూ మలుపుల్లోనూ లాభం ఉన్నమాట నిజం. ఆ లాభమంతా బుల్లి టైరు బాగున్నన్నాళ్ళే. గార్డ్‌నర్ తన కారు ప్రాణాన్ని ఇంకొకరి కార్ఖానాలో దాచాడు. అది నచ్చినా నచ్చకపోయినా జరిగింది అదీ. గార్డ్‌నర్‌ను తెలివితక్కువవాడనే మాట నేను ఒప్పుకోను గానీ, ఈ ఒక్క చోట మాత్రం ఆయన ధైర్యం కాస్త ఎక్కువైందనే అంటాను.

1977లో ఆ కారుకు ఒక్క గెలుపూ లేదు. పీటర్సన్ బెల్జియంలో మూడోస్థానంతో సరిపెట్టుకుని, ఏడాది కాగానే లోటస్‌కు వెళ్ళిపోయాడు. గార్డ్‌నర్ టీమునే వదిలేశాడు. 1978కి మారిస్ ఫిలిప్ గీసిన టిరెల్ 008కి బుద్ధిగా నాలుగే చక్రాలు. దెపాయే దానితోనే మొనాకోలో తన మొట్టమొదటి గ్రాండ్ ప్రి గెలిచాడు. తను ప్రాణంగా చూసుకున్న కారులో ఎన్నిసార్లు ప్రయత్నించినా దక్కని గెలుపు, దాన్ని పక్కన పెట్టిన ఏడాదే దక్కింది!

ఆ వేషంలో ఉన్నవాళ్ళ సంగతులు కూడా చెప్పాలి గదా. షెక్టర్ 1979లో ఫెరారీతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పీటర్సన్ 1978 సెప్టెంబరులో మోంజా ప్రమాదంలో గాయపడి మర్నాడు కన్నుమూశాడు. దెపాయే 1979లో హాంగ్ గ్లైడర్ మీదనుంచి పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. కోలుకుని మళ్ళీ కారెక్కాడు. 1980 ఆగస్టు 1న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో టెస్టింగ్ చేస్తూ చనిపోయాడు. నన్నడిగితే 'రష్' లాంటి సినిమా అతనిమీద ఒకటి రావాలి. ఫ్రెంచివాళ్ళెవరైనా పుణ్యం కట్టుకుంటే బాగుండును.

గార్డ్‌నర్ ఆలోచన మాత్రం ఇంకొన్నాళ్ళు తిరిగింది. మార్చ్ టీమూ, తర్వాత విలియమ్స్ టీమూ వెనక నాలుగు చక్రాలు పెట్టి ఆరు చక్రాల కార్లు తయారుచేసి పరీక్షించాయి. అవి రేసుదాకా రాలేదు. 1983 నుంచి గ్రాండ్ ప్రి కారుకు నాలుగుకు మించి చక్రాలుండరాదని నిబంధనే పెట్టేశారు. టిరెల్ టీము 1998లో చేతులు మారింది. ఆ వరసలోనే బి.ఏ.ఆర్., హోండా, బ్రాన్ పేర్లు దాటుకుంటూ వచ్చి, 2010 నుంచి మెర్సిడెస్ అయింది. లూయిస్ హామిల్టన్ వరస కప్పులు కొట్టిన ఆ టీముకు ముత్తాత ఎవరయ్యా అంటే ఓక్‌హామ్ కలప అడితీ!

నా బొమ్మకారు ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో ఉంది. నీలంరంగు చాలా పోయింది. ముందు చక్రాల్లో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. నా "లారీ పిల్ల" స్నేహితుడు మొన్నామధ్య వచ్చి దాన్ని గుర్తుపట్టాడు. సెల్‌ఫోన్లో ఆండర్‌స్టార్ప్ రేసు చూపించాను. కళ్ళు చికిలించి ముందొకసారి, వెనకొకసారి చక్రాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత బొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఐదేనేంట్రా ఉన్నాయి?" అన్నాడు. ఆరోది ఊడగొట్టింది తనేనని నేను గుర్తు చేయాల్సి వచ్చింది.