‘కల్కి’ చిరుగులకు భారతం గుడ్డతో మాసికలు వేయకండి



కాస్త పొడుగు పోస్టే. చాయ్ పక్కన పెట్టుకొని చదవండి. ఆదివారం తెలుగు తరగతి చూసుకునే మేం నలుగురం కలిసి రాస్తున్నాం. తప్పుంటే నలుగురినీ కలిపే తిట్టండి.

పోయిన ఆదివారం పిల్లలకు అశ్వత్థామ కథ చెప్పాం. కృష్ణుడి శాపం మూడు వేల ఏళ్ళు అనగానే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు లేచాడు. “మూడు వేలు కాదు సార్, ఆరు వేలు. భారతంలో లెక్క దేవతల సంవత్సరాల్లో ఉంటుంది” అన్నాడు. ఎక్కడ చదివావురా అంటే ‘కల్కి’ థియరీ వీడియోలో చూశానన్నాడు. పుస్తకం తీసి చూపించాం. పేజీ వైపు చూసి, “పుస్తకంలో తప్పు పడిందేమో సార్” అన్నాడు.

ఆ మాట దగ్గర మేం ఆగిపోయాం.

ముందే చెబుతున్నాం, సినిమా మీద మాకు కోపం లేదు. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. మనలో కొందరం ఇక్కడే నాందేడ్‌లో హిందీలో చూశాం, కొందరం నిజామాబాద్ దాకా పోయి తెలుగులో చూశాం. నీళ్ళకు కటకటలాడే కాశీ, ఊరి సారమంతా పీల్చుకొని పైన వేలాడే కాంప్లెక్స్, పిల్లలు పుట్టని లోకం, ఇవన్నీ నాగ్ అశ్విన్ ధైర్యంగా తీశాడు. మా తరానికి 1991లో ‘ఆదిత్య 369’ చూపించిన 2504వ సంవత్సరం ఎంత వింతో, మన పిల్లలకు ఇది అంత వింత. మొదటి భాగమే కాబట్టి సందులు ఉంటాయి. వాటి గురించి వాదించుకోవడం కూడా సినిమా చూసే సుఖంలో ఒక వంతు.

మా పేచీ ఒక్కటే. సందు కనబడగానే దాన్ని కప్పడానికి భారతాన్ని సాక్షిగా లాక్కొస్తున్నారు. సాక్షి చెప్పని మాట సాక్షి నోట పెడుతున్నారు.

మొదటిది ఆ పిల్లాడి లెక్కే. వ్యాసభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామకు పడిన శాపం మూడు వేల ఏళ్ళు ఒంటరిగా తిరగమని. సినిమాలో ఆయన ఆరు వేల ఏళ్ళు బతికాడు. ఈ తేడాకు “దివ్య సంవత్సరాలు” అని మాసిక వేశారు. సరే, గుణించి చూద్దాం. దేవతల ఏడాది మనకు 360 ఏళ్ళు. మూడు వేలను 360తో గుణిస్తే పది లక్షల ఎనభై వేలు. కలియుగం మొత్తమే 4,32,000 ఏళ్ళు! అంటే ఈ లెక్కన కల్కి వచ్చి, యుగం ముగిసి, ఇంకో యుగం మొదలయ్యాక కూడా అశ్వత్థామ తిరుగుతూనే ఉండాలి. ఆరు వేలకు మాత్రం ఏ దారిలోనూ చేరం. థియరీ చెప్పినవాడు ఒక్కసారి కాగితం మీద గుణించుకున్నా ఇది తెలిసేది.

రెండోది, యుగం అంత తొందరగా ఎలా ముగిసింది? సంప్రదాయం లెక్కలో కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే ఆరు వేలు. (సున్నా సంవత్సరం లేదు కాబట్టి నిజానికి 5,999. ఆ ఒక్క ఏడాది వదిలేద్దాం.) 4,32,000లో ఆరు వేలంటే 72వ వంతు. “అధర్మం పెరిగిపోయి యుగం ముందే ముగిసింది” అంటున్నారు మనవాళ్ళు. ఈ మాట 2898కి సరిపోతుంది, 2500కి సరిపోతుంది, రేపటికీ సరిపోతుంది. అన్ని తాళాలకూ పట్టే చెవి ఉందంటే ఆ తాళాలు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. నిజానికి ఇక్కడ థియరీ అక్కరే లేదు. భారతం దగ్గర మొదలై 2898లో ముగిసే ఆరు వేల ఏళ్ళ కథ అని దర్శకుడే బహిరంగంగా చెప్పాడు. అది ఆయన ఎంచుకున్న అంకె. కథకుడికి ఆ హక్కు ఉంది. దాన్ని వ్యాసుడి ఖాతాలో రాయాల్సిన పని మనకు లేదు.

మూడోది గాండీవం. చివర్లో సుప్రీమ్ యాస్కిన్ దాన్ని ఎత్తుతాడు. మహాప్రస్థానిక పర్వంలో అగ్నిదేవుడు వచ్చి అడిగితే అర్జునుడు గాండీవాన్ని వరుణుడికి తిరిగి ఇచ్చేశాడు, నీళ్ళలో వేసేశాడు. మరి యాస్కిన్‌కు ఎలా దొరికింది? మన తరగతిలోనే ఒక అమ్మాయి అంది: “నీళ్ళు ఎండిపోయాయి కదా, అడుగున ఉన్నది బయటపడి ఉంటుంది.”

ఈ థియరీకి మేం చప్పట్లు కొట్టాం. ఎందుకంటే ఆ అమ్మాయి భారతంలో ఉన్నది ఉన్నట్టు పెట్టుకుంది. తెర మీద చూపిన కరువునూ పెట్టుకుంది. రెండింటి మధ్య ఖాళీని తన ఊహతో నింపి, ఇది నా ఊహ అని చెప్పింది. పైగా రెండో భాగం వచ్చాక ఈ ఊహ తప్పని తేలే వీలుంది. తప్పని తేలే వీలున్న ఊహే ఊహ. బయటి దేశాల్లోనూ ఇలాగే జరిగింది. 2003లో ‘మేట్రిక్స్’ రెండో భాగంలో నియో బయటి లోకంలో కూడా యంత్రాలను చేయెత్తి ఆపేస్తే, అది కూడా ఇంకో మేట్రిక్సే అయ్యుంటుందని అభిమానులు ఊహించారు. అదే ఏడాది మూడో భాగం వచ్చింది, ఆ ఊహను బలపరచలేదు. ఎవరికీ నష్టం లేదు. ఊహ సినిమా మీదే కట్టారు, ఎవరి గ్రంథాన్నీ మార్చలేదు.

ఇంకోటి చూడండి. 2025 సెప్టెంబరులో రెండో భాగంలో దీపికా పదుకోన్ ఉండరని నిర్మాణ సంస్థ ప్రకటించింది. అది నటికీ సంస్థకూ మధ్య విషయం. మన గ్రూపులో మాత్రం సాయంత్రానికల్లా సుమతి ముఖం ఎందుకు మారుతుందో పురాణ కారణాలు వచ్చేశాయి! కాల్షీటు సంగతికి కూడా పురాణం కావాలా?

“సినిమా అన్నాక మారుస్తారు, ‘మాయాబజార్’ మార్చలేదా?” అని అడిగేవాళ్ళకు మా జవాబు: మార్చింది, బ్రహ్మాండంగా మార్చింది. శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేదు. 1957లో చూసిన మన తాతలకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఘటోత్కచుణ్ణి చూసి నవ్వారు. “వ్యాసుడి మనసులో ఇదే ఉంది” అని ఎవరూ వాదించలేదు. అసలు ఏదో తెలిసినవాడికే మార్పులోని చమత్కారం తెలుస్తుంది. మన పిల్లలకు ఆ అసలు అందడం లేదు. ధర్మాబాద్ దాటి బాసరలో అక్షరాభ్యాసం చేయిస్తున్నాం, తిరిగొచ్చి మరాఠీ బడిలో వేస్తున్నాం. అందులో తప్పు లేదు, ఇది మనం బతికే ఊరు. కానీ తెలుగు చదవలేని పిల్లవాడికి భారతం చెప్పేది ఇంట్లో పెద్దలన్నా కావాలి, ఫోనన్నా కావాలి. మనం నోరు మూసుకున్న చోట ఫోను మాట్లాడుతోంది.

అందుకే గ్రూపులో సినిమా మాటే వద్దంటున్న పెద్దలతోనూ మేం ఒప్పుకోం. ఎన్నో ఏళ్ళ తర్వాత ఈ ఊళ్ళో ఒక తెలుగు పిల్లాడు అశ్వత్థామ గురించి లేచి వాదించాడు. తప్పే వాదించాడు, కానీ వాదించాడు. ఆ నోరు మూయిస్తే మళ్ళీ తెరుచుకోదు.

మనలో చాలామందిమి మగ్గం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. పోగు తెగితే తెగిందని ఒప్పుకొని మగ్గం మీదే అతికేవాళ్ళు మన పెద్దలు. కొత్త చీరలో చిరుగు కనబడిందని ఇంట్లో పెట్టెలోని పట్టుచీర కోసి మాసిక వేసినవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు మనం చేస్తున్నది సరిగ్గా అదే.

మా కోరిక ఇది. వచ్చే ఆదివారం పిల్లలతో పాటు పెద్దలూ రండి. ‘కల్కి’లో తోచిన సందులన్నీ పిల్లలు చెబుతారు. ఒక్కో సందుకూ భారతంలో ఏముందో మీరు చెప్పండి, పర్వం పేరుతో సహా. లేకపోతే లేదని చెప్పండి. ఆ తర్వాత ఎవరి ఊహ వాళ్ళు చెప్పుకుందాం, “ఇది నా ఊహ” అనే మాట ముందు పెట్టి.

ఆ తొమ్మిదో తరగతి పిల్లాడికి ముందు వరుసలో కుర్చీ వేస్తున్నాం. ఈసారి సౌప్తిక పర్వం వాడే చదివి వినిపిస్తాడు. కూడబలుక్కుంటూ చదివినా సరే, అయ్యేదాకా కూర్చుంటాం.