సేఫ్టీ వాల్వు లేని ఇంజను

నౌపడ జంక్షన్ పేరు చెబితే ఉత్తర కోస్తా పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేవి ఉప్పు మడులు, తర్వాత చిన్నబండి. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పట్టుబట్టి వేయించిన రెండున్నర అడుగుల లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మొదలైంది. 1931లో గుణుపురం చేరింది. 1992 దాకా బొగ్గు ఇంజన్లే లాగాయి. 2004లో చిన్న లైను మూతపడింది, 2011లో పెద్ద లైనుగా మళ్లీ తెరుచుకుంది.

ఆ బొగ్గు ఇంజన్లలో ఒక సుఖం ఉండేది. ఒత్తిడి పుట్టేది బాయిలర్లో. అది హద్దు దాటితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి బుస్సున పైకి లేచేది. ప్లాట్‌ఫారం మీద పిల్లలు చెవులు మూసుకునేవారు. అంతటితో గండం గడిచిపోయేది. పెట్రోలు ఇంజనుకు ఆ వెసులుబాటు లేదు. మంటా లోపలే, ఒత్తిడీ లోపలే. గాలిని ఎంతవరకు నొక్కాలో ఇంజను కట్టేటప్పుడే తేల్చేసుకోవాలి. ఆ లెక్కనే కంప్రెషన్ నిష్పత్తి అంటారు. 9 అంటే తొమ్మిది వంతుల చోటులో ఉన్న గాలిని ఒక్క వంతులోకి కుక్కడం. సైకిలు పంపు మూతి వేలితో మూసి కొడితే గొట్టం వేడెక్కుతుంది కదా, అదే పని ఇక్కడ క్షణంలో వందో వంతు వ్యవధిలో జరుగుతుంది.

ఎక్కువ నొక్కితే బండి తక్కువ పెట్రోలుతో ఎక్కువ లాగుతుంది. మరీ నొక్కితే? స్పార్కు ప్లగ్గు వెలిగించిన మంట అంతటా పాకేలోపే, ఒక మూలనున్న గాలీ పెట్రోలూ తనంతట తానే భగ్గుమంటాయి. మెకానిక్కులు ‘నాకింగ్’ అనేది దీన్నే. మామూలు పిస్టన్ ఇంజను కాసేపు టకటకమని మొరపెట్టుకుంటుంది. రోటరీ ఇంజనుకు అంత ఓపిక లేదు.

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఈ రోటరీ. 1957లో తొలిసారి తిరిగింది. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. వేరుశెనక్కాయ ఆకారపు గదిలో పొట్ట ఉబ్బిన సమోసాలాంటి మూడు మూలల రోటరు తిరుగుతుంటుంది. మూడు కొసల్లోనూ సన్నని పట్టీలు బిగిస్తారు, అవే అపెక్స్ సీళ్లు. గదిని మూడు భాగాలుగా విడదీసేది ఆ పట్టీలే. ఇంజను ప్రాణమంతా వాటిలోనే. జపాన్‌లోని మజ్దా కంపెనీలో కెనిచి యమమొతో నాయకత్వాన 47 మంది ఇంజనీర్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది వాటితోనే. గది గోడల మీద ఆ పట్టీలు గీసిన గీతలకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘దయ్యం గోళ్లు’! చివరికి 1967లో కాస్మో కారుతో గట్టెక్కారు.

మన దేశం కూడా ఈ ఇంజను జోలికి వెళ్లింది. నిశాంత్ అనే పైలట్ లేని విమానం కోసం అహ్మద్‌నగర్‌లోని రక్షణ ప్రయోగశాల, బెంగళూరులోని ఎన్‌ఏఎల్ కలిసి 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజను తయారుచేశాయి. 2009 ఏప్రిల్‌లో అది కోలారు దగ్గర, తెలుగు మాట వినిపించే గడ్డమీదే, ఎగిరి చూపించింది.

ఇక అసలు చిక్కు టర్బోతో. పొగ గొట్టంలో వృథాగా పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, ఆ ఊపుతో బయటి గాలిని ఇంజనులోకి బలవంతంగా తోయడమే టర్బో పని. అంటే రోటరు నొక్కకముందే గాలి సగం నలిగి వస్తుందన్నమాట. కాబట్టి రోటరు తన వంతు తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలి?

రోటరు మూడు ముఖాల మీదా తొట్టిలాంటి గుంటలుంటాయి. గుంట లోతైతే నిష్పత్తి తక్కువ, పలచనైతే ఎక్కువ. మజ్దా వాళ్లు 1985 నాటి ఆర్‌ఎక్స్-7 టర్బోకి 8.5 పెట్టారు. 1989లో 9.0కి పెంచారు, 1991లో వచ్చిన రెండు టర్బోల కారుకీ అదే ఉంచారు. టర్బో లేని కార్లలో మొదట 9.4, తర్వాత 9.7. పాత రోటరీలు విప్పి కొత్తగా కట్టుకునే ఔత్సాహికుల ముందు ఇప్పటికీ ఉండేది ఈ నాలుగు అంకెలే. ఎవరి గురువు వాళ్లకున్నాడు. తక్కువే క్షేమమని కొందరు, టర్బో పుంజుకునేలోపు బండి ఎద్దులా నడవకూడదని కొందరు.

పుస్తకాల్లో లెక్క చూస్తే ఈ తగవు కొంచెం వింతగా కనిపిస్తుంది. 57 డిగ్రీల గాలిని 8.5తో నొక్కితే 505 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 9.0తో 520. 9.7తో 545. అదే 87 డిగ్రీల గాలి లోపలికి వస్తే, 8.5 రోటరుతో కూడా దాదాపు 575కి చేరుతుంది! క్షేమమని ఏరికోరి తెచ్చుకున్న రోటరు, వేడి గాలి ముందు చేతులెత్తేసినట్టే. మే నెలలో నౌపడ ఉప్పు మడుల మీద వీచే గాలిని తలచుకోండి. 35 డిగ్రీల గాలిని మామూలు టర్బో రెట్టింపు ఒత్తిడికి తెచ్చేసరికి అది 130 డిగ్రీలకు చేరుతుంది. దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద పెట్టే డబ్బు, రోటర్ల అంకె మీద జరిగే వాదన కంటే ఎక్కువ పనిచేస్తుంది. పైగా 9.0 నుంచి 8.5కి దిగితే కోల్పోయే సామర్థ్యం ఆ పుస్తకం లెక్కలోనే ఒక్క శాతం.

కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి మజ్దా ఎంచుకున్న 9.0 తప్పేమీ కాదు. 9.7 మాత్రం టర్బోతో సాహసమే. ఒత్తిడి 9.0 కన్నా పది శాతం పైగా పెరుగుతుంది, తప్పుకు చోటుండదు. మంచి ఆక్టేన్ ఉన్న పెట్రోలు, స్పార్కు వేళ తప్పని కంప్యూటరు, తగినంత పెట్రోలు పంపే ఇంజెక్టర్లు ఉంటేనే ఆ మాట ఎత్తాలి. ఏ ఒక్కటి తప్పినా అపెక్స్ సీలు ముక్కలవుతుంది. ఆ ముక్కలు పొగతో పాటు వెళ్లి టర్బో చక్రాన్నీ కొరికేస్తాయి. ఒక్క క్షణపు నాకింగ్‌కి రెండు ఖర్చులు.

ఇంకో సంగతి, చాలామంది చివర్లో తెలుసుకునేది. రోటర్ల బరువు ఏడాదిని బట్టి, నమూనాను బట్టి మారుతుంది. రోటరు మారిస్తే దానికి జోడీగా ఇరుసుకు బిగించే ఎదురు తూకాలు కూడా మారాలి. ఇరుసు నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతుంది మరి. అంగట్లో చవగ్గా దొరికిందని ఒంటి రోటరు కొని తెచ్చేముందు, దానితో పాటు ఆ తూకపు ముక్క కూడా ఉందో లేదో అడగాలి.