ఎగువ గోదావరి పిల్లలు

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయేదాకా అమలాపురం, రంపచోడవరం రెండూ ఒకే తూర్పు గోదావరి జిల్లా. కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండలు దాటి వచ్చిన నీళ్లే మన కోనసీమ కాలువల్లో పారుతున్నాయి. ఆ కొండల్లోని కోయ, కొండరెడ్డి యువత గురించి మాత్రం మనం పట్టించుకున్నది తక్కువ. ఈ సంచిక వాళ్లకోసం.

పోలవరం ప్రాజెక్టు ముంపు అక్కడి గూడేలకు గూడేలనే కదిలించింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంట్లో కోయ మాట్లాడే పసివాడికి ఆ భాష తెలిసిన పంతులు ఎంత అవసరమో వేరే చెప్పాలా? చదువుకుని సొంత ఊళ్లోనే బడి చెప్పాలనుకున్నవాళ్ల ఆశకు ఆ తీర్పు పెద్ద దెబ్బ.

డిగ్రీకో నర్సింగుకో కిందికి దిగివచ్చే పిల్లలకు స్కాలర్‌షిప్పు ఒక్కటే చాలదు. గది అద్దెకు అడిగితే ముందు కులం అడిగే అలవాటు మన వీధుల్లో ఇంకా ఉంది. అది మనకు సిగ్గుచేటు, పోవాలి. దసరా సెలవులకు హాస్టల్ మూసేస్తే, వాగు పొంగి ఇంటికి దారిలేని అమ్మాయి ఎక్కడుండాలి? కొత్తపేటలోనో రాజోలులోనో ఆ నాలుగు రోజులూ ఇంట్లో చోటివ్వగలవారు, దరఖాస్తులు నింపడంలో, ఇంగ్లిషు పాఠాల్లో తోడుండగలవారు మాకు ఉత్తరం రాయండి. హాస్టల్ వార్డెన్లతో మాట్లాడి కలిపే పని మాది.